పేరు లేని జెర్సీ: అమెరికా కాలేజీ ఆటల్లో పిచ్చి ఎవరిది, పైసలు ఎవరివి

“అన్నయ్యా, కూర్చోకు. ఇక్కడ కూర్చోకూడదు.”

టెక్సాస్‌లో కాలేజ్ స్టేషన్ అనే ఊరు. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ వాళ్ళ కైల్ ఫీల్డ్ స్టేడియం. కాళ్ళు పీకుతుంటే బెంచీ మీద కూలబడబోయాను. మా బాబాయి కొడుకు మోచెయ్యి పట్టుకుని లేపేశాడు. వాడప్పుడక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు, నాకు గెస్ట్ పాస్ సంపాదించి తీసుకెళ్ళాడు. ఆట మూడు గంటలు దాటింది. విద్యార్థుల వైపు ముప్పై వేలమందీ ఆ మూడు గంటలూ నిలబడే ఉన్నారు. మధ్యలో కాలేజీ పాట వచ్చినప్పుడు పక్కవాడి భుజం మీద చెయ్యేసి అటూ ఇటూ ఊగుతారు. మేమున్నది మూడో అంతస్తు. కాళ్ళ కింద కాంక్రీటు కూడా ఊగింది. నాకు ప్రాణం పైకి పోయింది, వాడు నవ్వాడు.

ఇంటర్మీడియెట్ రెండేళ్ళూ ఆటస్థలమే లేని అపార్ట్‌మెంటు లాంటి కాలేజీలో చదివినవాడు వాడు. ఇంజనీరింగ్‌లో కాలేజీ క్రికెట్ టీమ్ కెప్టెన్ ఎవరో కూడా ఎరగడు. అలాంటివాడు ఇక్కడికొచ్చి ఏడాది తిరక్కుండానే మెరూన్ చొక్కా తొడుక్కుని గొంతు బొంగురుపోయేలా అరుస్తున్నాడు. ఆట రూల్స్ ఏంట్రా అంటే “సగమే తెలుసు” అన్నాడు. (ఫుట్‌బాల్ అంటే ఇక్కడ మన ఫుట్‌బాల్ కాదు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్.)

ఎందుకు కూర్చోకూడదంటే దానికో కథ ఉంది. 1922 జనవరి 2న డాలస్‌లో ఏ అండ్ ఎమ్ జట్టు సెంటర్ కాలేజీతో ఆడుతోంది. ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి బయటికొస్తున్నారు. బెంచీ ఖాళీ అయ్యేలా ఉంది. కింగ్ గిల్ అనే కుర్రాడు పైన విలేకరుల గదిలో ఉన్నాడు. బాస్కెట్‌బాల్ కోసం ఫుట్‌బాల్ జట్టు వదిలేసినవాడు. కోచ్ కబురు పెడితే కిందికొచ్చి, గాయపడ్డ ఆటగాడి బట్టలు తొడుక్కుని, ఆట అయ్యేదాకా గీత పక్కన నిలబడ్డాడు. ఏ అండ్ ఎమ్ 22–14తో గెలిచింది. గిల్‌కి మైదానంలో అడుగుపెట్టే అవసరమే రాలేదు. కానీ పిలిస్తే వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాడు. అదిగో, ఆ రోజు గుర్తుగా ఇప్పటికీ విద్యార్థులంతా నిలబడతారు. పదకొండు మంది లోపల, పన్నెండో మనిషి బయట. ‘ట్వెల్త్ మ్యాన్’.

కథ ఇక్కడితో ఆగితే ఈ వ్యాసం అక్కర్లేదు. ‘ట్వెల్త్ మ్యాన్’ అనే మాటని యూనివర్సిటీ 1990లో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకుంది. సియాటిల్ సీహాక్స్ అనే ప్రొఫెషనల్ జట్టు తమ అభిమానుల్ని ఆ పేరుతో పిలుచుకుంటోందని 2006లో కోర్టుకెళ్ళింది. రాజీ కుదిరింది. సీహాక్స్ వాళ్ళు ఆ మాట వాడుకున్నందుకు ఏటా లైసెన్సు రుసుము కట్టడానికి ఒప్పుకున్నారు. ఒక్క పైసా తీసుకోకుండా నిలబడ్డ కుర్రాడి కథ అద్దెకిచ్చే ఆస్తి అయింది.

అమెరికా కాలేజీ ఆటల గురించి ఎక్కడ చదివినా ఒకటే ఏడుపు వినిపిస్తుంది. ఒకప్పుడు అంతా స్వచ్ఛంగా ఉండేదనీ, డబ్బొచ్చి పాడుచేసిందనీ. వినడానికి బాగుంటుంది. చరిత్ర మాత్రం ఒప్పుకోదు. రెండు అమెరికన్ కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి పోటీ 1852లో. హార్వర్డ్, యేల్ కుర్రాళ్ళు న్యూ హాంప్‌షైర్‌లోని విన్నిపెసాకీ సరస్సులో పడవ పందెం వేసుకున్నారు. ఖర్చులన్నీ ఎవరు పెట్టుకున్నారు? ఒక రైల్వే కంపెనీ. కొత్తగా ఆ సరస్సు దాకా పట్టాలు వేశారు, రైలు నిండాలి. జనం పందెం చూడ్డానికి టికెట్టు కొనుక్కుని వస్తారు. అంటే స్పాన్సర్ ముందు పుట్టాడు, పందెం తర్వాత పుట్టింది. రట్గర్స్, ప్రిన్స్‌టన్ మధ్య 1869లో జరిగిన మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఇంకా పదిహేడేళ్ళుంది.

కాబట్టి డబ్బు ఎప్పుడొచ్చింది అని అడగడం దండగ. ఎవరికి వెళ్ళింది, ఎవరికి వెళ్ళకూడదని గీత గీశారు, ఆ గీత ఎలా నిలబడింది అన్నది అడగాలి.

ఆ గీత పేరు అమెచ్యూరిజం. డబ్బు కోసం కాక సరదా కోసం ఆడేవాడే ఉత్తముడు అన్న భావన. ఇంగ్లండ్ జమీందారీ కుటుంబాల నుంచి దిగుమతి అయింది. కడుపు నిండినవాడు సరదాకి ఆడగలడు, కూలి మానేసి ఆడాల్సినవాడికి అది కుదరదు. ఉత్తముడి నిర్వచనంలోనే పేదవాడు బయట పడిపోయాడు.

1905లో ఫుట్‌బాల్ ఎంత మోటుగా ఉండేదంటే ఆ ఒక్క సీజన్లోనే దేశం మొత్తమ్మీద 18 మంది దాకా చనిపోయారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిచి మందలించాడు. దాని తర్వాత 1906లో పుట్టిన కాలేజీ ఆటల సంఘమే 1910 నుంచి ఎన్‌సీఏఏ పేరుతో నడుస్తోంది. దెబ్బలు తగ్గించడానికి పుట్టిన సంఘం కాస్తా పోనుపోను ఆటగాడి జేబులు తడిమే సంఘంగా తయారైంది.

తడిమినా ఏం లాభం? 1929లో కార్నెగీ ఫౌండేషన్ వాళ్ళు వందకు పైగా కాలేజీలు తిరిగి ఒక నివేదిక రాశారు. ఎక్కువ కాలేజీలు ఏదో ఒక రూపంలో ఆటగాళ్ళకి డబ్బు ముట్టజెబుతున్నాయని తేలింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. చివరికి 1956లో ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వడాన్ని ఎన్‌సీఏఏ అధికారికంగా ఒప్పుకుంది. ఫీజు, గది, భోజనం, పుస్తకాలు ఇవ్వొచ్చు. చేతికి నగదు మాత్రం ఇవ్వకూడదు. ఇచ్చినవాళ్ళు దొరికినప్పుడు పెద్ద గొడవే అయ్యేది. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీకి 1987లో ఏకంగా ఏడాది పాటు ఫుట్‌బాలే రద్దు చేశారు. అప్పటి టెక్సాస్ గవర్నర్ బిల్ క్లెమెంట్స్ అంతకుముందు ఆ యూనివర్సిటీ బోర్డుకి అధ్యక్షుడు. ఆటగాళ్ళకిచ్చే దొంగ జీతాలు కొనసాగించమన్న నిర్ణయంలో తానూ ఉన్నానని ఆయనే ఒప్పుకున్నాడు.

ఈ గీతని కోర్టుల్లో నిలబెట్టింది ఒక మాట. ‘స్టూడెంట్ అథ్లెట్’. వినడానికి ఎంత అమాయకంగా ఉంది! దాని పుట్టుక అంత అమాయకం కాదు. 1955లో కొలరాడోలో రే డెనిసన్ అనే ఆటగాడు మైదానంలో తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య నష్టపరిహారం అడిగింది. పనిలో చనిపోయిన కార్మికుడికి ఇచ్చేలాంటిదే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎన్‌సీఏఏ అధినేత వాల్టర్ బయర్స్, ఆయన లాయర్లూ కలిసి ఈ మాట తయారుచేసి, ప్రతి కాగితంలోనూ అదే వాడాలని ఆదేశించారు. ఆటగాడు ముందు విద్యార్థి, కాబట్టి ఉద్యోగి కాడు. ఉద్యోగి కాడు, కాబట్టి పరిహారం లేదు. 1957లో కొలరాడో సుప్రీంకోర్టు డెనిసన్ భార్యకి పైసా రాదని తేల్చింది. ఆ కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదు అన్నది కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి. విచిత్రమేమిటంటే, 1951 నుంచి 1987 దాకా ఆ కోటకి కాపలా కాసిన బయర్సే రిటైరయ్యాక ఆ పద్ధతి బానిసలతో పని చేయించుకున్న పాతకాలపు తోటల యజమానుల మనస్తత్వంతో నడుస్తోందని రాశాడు.

వ్యాపారంలో లేని ఆ వ్యాపారానికి టీవీ వచ్చింది. మొదట్లో ఏ కాలేజీ ఆట టీవీలో ఎన్నిసార్లు చూపించాలో ఎన్‌సీఏఏ తన గుప్పిట్లో పెట్టుకుంది. టీవీలో ఊరికే కనిపిస్తే గేటు దగ్గర టికెట్టు ఎవడు కొంటాడన్నది దాని భయం. ఓక్లహామా, జార్జియా యూనివర్సిటీలు కేసు వేశాయి. 1984లో అమెరికా సుప్రీంకోర్టు 7–2తో ఎన్‌సీఏఏ పద్ధతి పోటీ చట్టానికి విరుద్ధమని కొట్టేసింది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. ఆయన కుర్రతనంలో పేరుమోసిన కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు. కాలేజీ ఆటని మామూలు సరుకులా చూస్తే ఏమవుతుందో ఆయనకి అప్పుడే అనుమానం తగిలింది.

ఇక్కడ చాలామంది తికమకపడే ఒక సంగతి ఉంది. పెద్ద ఫుట్‌బాల్ టీవీ డబ్బు ఎన్‌సీఏఏకి రాదు. ఆ తీర్పు తర్వాత అది కాన్ఫరెన్సుల చేతికి పోయింది. కాన్ఫరెన్స్ అంటే కాలేజీల కూటమి, కలిసి ఆడి, కలిసి బేరమాడి, కలిసి పంచుకునేవాళ్ళు. బిగ్ టెన్ కూటమి 2022లో ఏడేళ్ళకి కుదుర్చుకున్న టీవీ ఒప్పందం 700 కోట్ల డాలర్లు దాటింది. (బిగ్ టెన్‌లో ఇప్పుడు పద్దెనిమిది కాలేజీలున్నాయి. లెక్కల డిపార్ట్‌మెంటు వాళ్ళు ఎలా ఊరుకున్నారో తెలీదు.) ఎన్‌సీఏఏ బతుకంతా మార్చి నెలలో జరిగే మగవాళ్ళ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు మీద. దాని హక్కుల్ని ఇప్పుడున్న ఒప్పందం ప్రకారం 2032 దాకా అమ్మేసింది.

టీవీ డబ్బు రుచి మరిగాక భూగోళం మారిపోయింది. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ 2024 నుంచి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నాయి. వందేళ్ళకు పైగా చరిత్ర ఉన్న పసిఫిక్ కూటమిలో 2024లో చివరికి మిగిలినవి రెండే కాలేజీలు, ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. ఉమ్మడి కుటుంబం విడిపోయి ముసలివాళ్ళు పెంకుటింట్లో మిగిలినట్టు.

కాలేజ్ స్టేషన్‌కే మళ్ళీ వద్దాం. ఏ అండ్ ఎమ్‌కి బద్ధశత్రువు ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ. 1894 నుంచి పోటీ. ఈ మ్యాచ్ ముందు ఏ అండ్ ఎమ్ విద్యార్థులు తామే చెట్లు కొట్టి, దుంగలు మోసి, ఐదారంతస్తుల ఎత్తున పేర్చి మంట వేసేవాళ్ళు. మన భోగిమంటని వెయ్యింతలు చేసి ఊహించుకోండి. 1999 నవంబర్ 18 తెల్లవారుజామున పేర్చుతుండగానే ఆ దుంగల కొండ కూలిపోయింది. పన్నెండు మంది చనిపోయారు, ఇరవై ఏడు మంది గాయపడ్డారు. ఆ తర్వాత యూనివర్సిటీ దాన్ని ఆపేసింది. ఎనిమిది రోజులకే మ్యాచ్ జరిగింది. ప్రత్యర్థి జట్టు బ్యాండు వాళ్ళు టోపీలు తీసి, చనిపోయినవాళ్ళ కోసం వాయించారు. ఆ చోట ఇప్పుడొక స్మారకం ఉంది. పన్నెండు ద్వారాలు, ఒక్కో ద్వారం ఒక్కో బిడ్డ సొంతూరి వైపు తిరిగి ఉంటుంది. మా తమ్ముడు నన్ను ఆట కన్నా ముందు అక్కడికే తీసుకెళ్ళాడు. వాడికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా చెప్పులు విప్పబోయి, చుట్టూ చూసి మానేశాడు.

పాతికేళ్ళలోపు పిల్లలు ప్రాణం పెట్టిన ఈ పోటీ 2011 తర్వాత ఆగిపోయింది. కారణం టీవీ. ఇరవై ఏళ్ళకి 30 కోట్ల డాలర్ల ఒప్పందంతో టెక్సాస్ యూనివర్సిటీ ఈఎస్‌పీఎన్ అనే క్రీడల టీవీ సంస్థతో కలిసి తన పేరుతో సొంత ఛానెల్ పెట్టుకుంది. ఒకే కూటమిలో ఉన్న మిగతావాళ్ళకి అది మింగుడుపడలేదు. ఏ అండ్ ఎమ్ 2012లో కూటమి మార్చేసి, తూర్పున ఉన్న ఎస్ఈసీలో చేరింది. పదమూడేళ్ళు రెండు ఊళ్ళూ మ్యాచ్ లేకుండా ఒకరినొకరు తిట్టుకుంటూ గడిపాయి. 2024లో టెక్సాస్ కూడా డబ్బు ఎక్కువున్న అదే ఎస్ఈసీకి వచ్చింది. ఆ నవంబర్ 30న కైల్ ఫీల్డ్‌లో మళ్ళీ ఆడారు, టెక్సాస్ 17–7తో గెలిచింది. విడదీసిందీ డబ్బే, కలిపిందీ డబ్బే. స్టేడియం మాత్రం కిక్కిరిసిపోయింది.

అంత పిచ్చి ఎక్కడిది? అమెరికాలో లక్షకు పైగా సీట్లున్న ఫుట్‌బాల్ స్టేడియాలు ఎనిమిది. ఎనిమిదీ కాలేజీలవే, ప్రొఫెషనల్ జట్లకి ఒక్కటీ లేదు. మిషిగన్ వాళ్ళది 1,07,601 మంది పట్టే స్టేడియం. అదున్న ఆన్ ఆర్బర్ ఊరి జనాభా దానికన్నా కొంచెమే ఎక్కువ. నెబ్రాస్కాలో 1962 నుంచీ టికెట్లు మిగల్లేదని చెప్పుకుంటారు. నెబ్రాస్కాకి, అలబామాకి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్‌లో జట్టు లేదు. ఆ జట్లు పెద్ద నగరాలవి. యూనివర్సిటీ చాలాచోట్ల చిన్న ఊళ్ళో ఉంటుంది, రాష్ట్రం పేరు పెట్టుకుని ఉంటుంది. ఆ గడప తొక్కని రైతు కూడా శనివారం ఆ రంగు టోపీ పెట్టుకుంటాడు. ఇంకో కారణం ఉంది. ప్రొఫెషనల్ జట్టు యజమానికి కోపమొస్తే జట్టుని వేరే ఊరికి తీసుకుపోగలడు. యూనివర్సిటీని ఎవరూ ఎత్తుకుపోలేరు. అది అమ్మవారి గుడిలాంటిది, ఊరితోనే ఉంటుంది. తరం మారినా భక్తుడు మారడు. అమ్మేవాడికి అంతకన్నా నమ్మకమైన ఖాతాదారు ఏ సంతలో దొరుకుతాడు?

భక్తి ఉన్నచోట హుండీ ఉంటుంది. కైల్ ఫీల్డ్‌ని 2015 నాటికి 48 కోట్ల డాలర్లకు పైగా పెట్టి తిరగ్గట్టారు. మంచి సీటు కావాలంటే టికెట్టు డబ్బుతో సరిపోదు, ముందు విరాళం ఇవ్వాలి. 2017లో చట్టం మారేదాకా ఆ విరాళంలో 80 శాతం ఆదాయపు పన్ను లెక్కలో మినహాయించుకోవచ్చు కూడా. అంటే ఫుట్‌బాల్ మొహం చూడనివాడు కూడా పన్ను రూపంలో ఒకడి సీటుకి చందా ఇచ్చాడు.

ఇంత డబ్బు వచ్చి కూడా చాలా కాలేజీల క్రీడా విభాగాలు నష్టం చూపిస్తాయి. దీన్ని అబద్ధమనీ అనలేం, నిజమనీ అనలేం. యజమాని లేని సంస్థలో లాభం పంచుకునేవాడు ఉండడు. వచ్చినదాన్ని ఖర్చు పెట్టకపోతే పక్క కాలేజీ పెడుతుంది. ఆటగాడికి ఇవ్వకూడదని 2025 దాకా రూలు. ఇక మిగిలేవి రెండు, భవనాలు, కోచ్‌లు. అందుకే చాలా రాష్ట్రాల్లో అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునే ప్రభుత్వోద్యోగి గవర్నరు కాదు, కోచ్. ఏ అండ్ ఎమ్ 2023 నవంబర్‌లో తన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసింది. ఒప్పందం ప్రకారం ఇంటికి పంపడానికి కట్టాల్సింది ఏడున్నర కోట్ల డాలర్లకు పైనే. పని చేయించుకోవడానికి కాదు, మానేయించడానికి.

ఇప్పుడు పేరు లేని జెర్సీ దగ్గరికి వద్దాం. 2012లో ఏ అండ్ ఎమ్‌కి జానీ మాంజెల్ అని ఒక కుర్రాడు ఆడాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైజ్‌మన్ ట్రోఫీని మొదటి సంవత్సరం ఆటగాడిగా గెలిచిన తొలి మనిషి. జెర్సీ నంబరు 2. ఊరంతా రెండో నంబరు చొక్కాలే. చొక్కా మీద వాడి పేరుండదు, ఉంటే ఆటగాడి పేరు అమ్ముకున్నట్టవుతుంది. నంబరు అయితే ఫరవాలేదు, నంబరు ఎవరి సొత్తూ కాదు కదా! 2013 ఆగస్టులో టీవీ విశ్లేషకుడు జే బిలాస్, ఎన్‌సీఏఏ సొంత ఆన్‌లైన్ దుకాణంలో ‘మాంజెల్’ అని టైపు చేశాడు. పేరు లేని రెండో నంబరు ఏ అండ్ ఎమ్ జెర్సీలు బిలబిలా వచ్చాయి. ఆ స్క్రీన్‌షాట్లు జనంలో పెట్టాడు. ఎన్‌సీఏఏ ఆ దుకాణంలో కాలేజీల సరుకే తీసేసింది. అదే నెలలో, డబ్బు తీసుకుని ఆటోగ్రాఫులు పెట్టాడన్న ఆరోపణ మీద మాంజెల్‌ని సగం ఆట బయట కూర్చోబెట్టారు. డబ్బు తీసుకున్నట్టు రుజువు దొరకలేదు. తన సంతకం తాను పెట్టుకున్న నేరానికి సగం ఆట శిక్ష.

యూసీఎల్ఏ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఒబానన్ ఒకరోజు స్నేహితుడింట్లో వీడియో గేమ్ చూశాడు. అందులో తన రంగు, తన ఎత్తు, ఎడమచేతి వాటం, తన నంబరు ఉన్న బొమ్మ ఆడుతోంది. పేరు లేదు. డబ్బూ రాలేదు. 2009లో కేసు వేశాడు, 2014లో జడ్జి క్లాడియా విల్కెన్ అతని వైపు తీర్పిచ్చారు. ఆ ఏడాదే టోర్నమెంటు గెలిచిన కనెటికట్ ఆటగాడు షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితో పడుకుంటానని విలేకరులకి చెప్పాడు. అంతకుముందు రూల్స్ ఎలా ఉండేవంటే బేగెల్ రొట్టె పెట్టొచ్చు, దాని మీద క్రీమ్ చీజ్ రాసిస్తే తప్పు. నేపియర్ మాట బయటికొచ్చిన కొద్ది రోజులకే ఎన్‌సీఏఏ భోజనాల మీద పరిమితి ఎత్తేసింది. 2021 జూన్ 21న సుప్రీంకోర్టు, ఆల్‌స్టన్ అనే మాజీ ఆటగాడి కేసులో, తొమ్మిదికి తొమ్మిది మందీ ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఎన్‌సీఏఏ చట్టానికి అతీతం కాదని జస్టిస్ కెవెనా విడిగా రాశారు. పది రోజుల్లో, జూలై 1 నుంచి, ఆటగాడు తన పేరు, రూపం అమ్ముకోవడం న్యాయమైపోయింది. దీన్నే ఎన్‌ఐఎల్ అంటారు.

ఇక్కడ మనవాళ్ళకి బాగా తెలిసిన ఒక అంకె వస్తుంది. ఇరవై గంటలు. ఎఫ్-1 వీసా మీద వెళ్ళిన విద్యార్థి, క్లాసులు నడిచే రోజుల్లో, క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి పని చెయ్యకూడదు. డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగిన ప్రతి తెలుగు విద్యార్థికీ ఈ లెక్క కంఠతా వచ్చు. ఆటగాళ్ళకీ సరిగ్గా అదే అంకె. సీజన్లో సాధన వారానికి 20 గంటలు మించకూడదని ఎన్‌సీఏఏ రూలు. కానీ మ్యాచ్ రోజు పొద్దుట్నించి రాత్రిదాకా పోయినా లెక్కలో మూడు గంటలే. ప్రయాణం లెక్కే కాదు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఆటగాళ్ళు 2014లో యూనియన్ పెట్టుకోబోయినప్పుడు విచారణ చేసిన అధికారి, సీజన్లో వాళ్ళు వారానికి 40 నుంచి 50 గంటలు ఫుట్‌బాల్‌కే పెడుతున్నారని రాశాడు. ఆ పిల్లలకి యూనియన్ చివరికి దక్కలేదు.

రెండు ఇరవైలూ ఒకడి నెత్తిన పడితే? పర్డ్యూ యూనివర్సిటీలో ఏడడుగులు దాటిన కెనడా బాస్కెట్‌బాల్ ఆటగాడు జాక్ ఈడీ వరసగా రెండేళ్ళు, 2023, 2024లో, దేశంలోకెల్లా మేటి ఆటగాడనిపించుకున్నాడు. జట్టులో అతనికి బంతి అందించేవాళ్ళు ప్రకటనలు చేసి సంపాదించుకుంటుంటే, విద్యార్థి వీసా మీద ఉన్న పాపానికి అమెరికా గడ్డ మీద ఈడీ ఆ పని చెయ్యలేకపోయాడు. కెంటకీలో ఆడిన కాంగో కుర్రాడు ఆస్కర్ షీబ్వే ఇంకో దారి వెతికాడు. 2022లో జట్టు బహామాస్ వెళ్ళినప్పుడు, అది అమెరికా కాదు కాబట్టి, తన ప్రకటనల పనంతా అక్కడ చేసుకున్నాడు. వీసా రూల్సులో సందు వెతకడం మన ఒక్కరి విద్యే అనుకునేవాణ్ణి.

2025 జూన్ 6న అసలు గోడ కూలింది. గ్రాంట్ హౌస్ అనే ఈతగాడి పేరుతో నడిచిన కేసులో అదే జడ్జి విల్కెన్ రాజీని ఆమోదించారు. పాత ఆటగాళ్ళకి పదేళ్ళలో 280 కోట్ల డాలర్ల దాకా ఇవ్వాలి. ఇకనుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకి ఇవ్వొచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి గరిష్ఠం రెండు కోట్ల ఐదు లక్షల డాలర్లు. 1852 నుంచి లెక్కేస్తే 173 ఏళ్ళు పట్టింది.

కేసు ఈతగాడి పేరున నడిచింది, డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్, మగవాళ్ళ బాస్కెట్‌బాల్‌కి పోతుంది. ఆడపిల్లలకీ సమానావకాశాలు ఇవ్వాలన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఇక్కడ వర్తించదా అంటూ కొందరు మహిళా క్రీడాకారులు అప్పీలుకి వెళ్ళారు. నాకు వాళ్ళ వాదనలో బలం కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ ఆ రెండు ఆటలు తెచ్చిన డబ్బుతోనే ఈత, టెన్నిస్, హైజంప్, రెజ్లింగ్ బతికాయి. జీతం తీసుకోని ఫుట్‌బాల్ ఆటగాడు, చాలాసార్లు నల్లజాతి పేదింటి పిల్లాడే, తెలియకుండానే మిగతా ఆటల స్కాలర్‌షిప్పులు మోశాడు. విజయవాడ దగ్గరి వుయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని టెన్నిస్ ఆడుతూ చదువుకున్నది అలబామా యూనివర్సిటీలో. ఫుట్‌బాల్‌కి పెట్టింది పేరైన కాలేజీ అది. 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి అతను తెచ్చిన బంగారు పతకంలో అలబామా శనివారాల జనం పిసరంత ఉన్నారని నా లెక్క. ఇప్పుడు ఫుట్‌బాల్ ఆటగాడికి న్యాయంగా ఇవ్వాల్సింది ఇస్తుంటే, కోత పడేది టెన్నిస్ కోర్టు మీదే. ఒకడికి ఎగ్గొట్టినదానితో ఇంకొకడికి పెట్టిన అన్నం అది. ఎగ్గొట్టడం ఆపాలి, అన్నం ఎవరు పెడతారో చెప్పేవాళ్ళు లేరు. అమెరికాకి ఒలింపిక్ పతకాలు తెచ్చేవాళ్ళలో పెద్ద భాగం ఈ చిన్న ఆటల నుంచే వస్తారు. మిగతా దేశాల్లో ఆ పని ప్రభుత్వాలు చేస్తాయి.

ఆటగాళ్ళు ఇప్పుడు ఏడాదికో కాలేజీ మారుతున్నారు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే చాలు, ఎవరు ఎక్కువిస్తే అక్కడికి. పాత అభిమానులు దీన్ని నమ్మకద్రోహం అంటారు. ఆ మాట అనేవాళ్ళు కోచ్‌లు ఒప్పందాలు తెంచుకుని వెళ్ళినప్పుడు, కాలేజీలు కూటములు మార్చినప్పుడు ఏ మాట వాడారో గుర్తు చేసుకుంటే బాగుండు. జెర్సీ వెనక పేరు కనిపించడం మొదలయ్యాక, అభిమాని ఇన్నాళ్ళూ ప్రేమించింది పిల్లాణ్ణా, చొక్కా రంగునా అన్నది తేలిపోతుందని చాలామంది జోస్యం చెప్పారు. రంగునే అని తేలినట్టుంది. స్టేడియాలు నిండుతూనే ఉన్నాయి.

మా తమ్ముడు చదువైపోయి డాలస్ పక్కన ప్లానోలో ఉద్యోగంలో చేరాడు. మొదటి జీతం పడిన నెలలోనే ఏ అండ్ ఎమ్ క్రీడా విభాగానికి విరాళాలు పోగుచేసే ఫౌండేషన్ నుంచి ఫోనొచ్చిందట. దాని పేరూ ట్వెల్త్ మ్యానే. హెచ్-1బీ లాటరీలో పేరు వస్తుందో రాదో తెలీని కుర్రాడు, ఇంట్లో చెప్పకుండా విరాళం కట్టి రెండు సీట్లు తీసుకున్నాడు. విద్యార్థులకి ఎదురువైపు, వెన్ను ఆనుకోవడానికి వీలున్న కుర్చీలు. చుట్టుపక్కల అంతా పెద్దవాళ్ళు, హాయిగా కూర్చుని చూస్తారట. “మరి హాయిగా ఉందా?” అన్నాను ఫోన్లో. “ఏమో అన్నయ్యా, కూర్చోలేదు” అన్నాడు. వెనక సీటాయన రెండుసార్లు గొణిగాడట.